తాగుడు మానడానికి వేసే మాత్ర లివర్‌కు చేటా?

సైకియాట్రీ ఓపీలో డాక్టరు చీటీ రాస్తుండగానే భార్య అడుగుతుంది: "ఇప్పటికే ఆయన లివర్ పాడైందన్నారు సార్. మళ్లీ ఈ మాత్రలు వేస్తే ఇంకా వేడి చేయవా?" అదే మనిషిని గ్యాస్ట్రో డాక్టరుకు చూపిస్తే రిపోర్టు తిరగేసి, తాగుడు పూర్తిగా మానెయ్యాలని గట్టిగా చెబుతాడు. మానడానికి మాత్ర మాత్రం రాయడు, అది సైకియాట్రిస్టు పని అంటాడు. సైకియాట్రిస్టేమో లివర్ పరీక్షలో ఎస్‌జీపీటీ అంకె చూసి వెనకాడి, ముందు లివర్ డాక్టరుతో ఓకే చేయించుకు రమ్మంటాడు. ఈ రెండు గదుల మధ్య తిరిగి తిరిగి విసిగిన మనిషి సాయంత్రానికి వైన్ షాపు దగ్గర తేలతాడు.

ఆ భార్య భయంలో నిజం లేకపోలేదు. మద్యం మాన్పించడానికి వాడే మందుల్లో ఒకటి అరుదుగానైనా లివర్‌ను ప్రాణాంతకంగా దెబ్బతీస్తుంది. ఇంకోదాని మీద అమెరికాలో చాలా ఏళ్లు లివర్ హెచ్చరిక అచ్చయి ఉండేది. కానీ వీటన్నిటినీ ఒకే గాటన కట్టడమే అసలు పొరపాటు. ఈ మందులు ఒంట్లో ఒక్కోటి ఒక్కో దారిన పోతాయి. కొన్ని లివర్‌లో అరుగుతాయి, కొన్ని లివర్‌ను ముట్టకుండానే కిడ్నీ గుండా బయటికి వెళ్లిపోతాయి. కాబట్టి లివర్ పాడైంది గనుక మందు వద్దనడం సరికాదు. ఎంత పాడైందో చూసి, దానికి తగిన మందు ఎంచుకోవాలి. గత ముప్పై, నలభై ఏళ్ల పరిశోధనలన్నీ దగ్గర పెట్టుకుని చూస్తే తేలే సారం ఇదే.

చికిత్స అందని మంది

కేంద్ర సామాజిక న్యాయ శాఖ తరఫున ఢిల్లీ ఎయిమ్స్ చేసిన సర్వే నివేదిక 2019లో వచ్చింది. 10 నుంచి 75 ఏళ్ల వయసువారిలో 14.6 శాతం మంది, అంటే దాదాపు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారని, వారిలో 5.7 కోట్ల మందికి తాగుడు విషయంలో సాయం అవసరమని అందులో తేలింది. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటిన మగవారిలో తాగేవారు తెలంగాణలో 43 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23 శాతం.

లివర్ దెబ్బతిన్నవారి దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి ఇంకా అన్యాయం. వైద్యసేవలు దండిగా ఉన్న అమెరికాలోనే మాజీ సైనికుల ఆసుపత్రుల రికార్డులు తిరగేసి 2020లో ఒక అధ్యయనం ప్రచురించారు. లివర్ మచ్చలు కట్టి గట్టిపడే సిర్రోసిస్‌తో పాటు మద్య వ్యసనం కూడా ఉన్నవారు 35,682 మంది. వ్యసనానికి ఏదో ఒక చికిత్స పొందింది వారిలో 14 శాతమే, అదీ ఎక్కువగా కౌన్సెలింగే. మాత్ర ఏదైనా అందినవారు నూటికి ఇద్దరు కూడా లేరు. తాగుడు మానితే ఎక్కువ లాభపడేది ఎవరో, వారికే మాన్పించే మందు అందడం లేదన్నమాట. లివర్‌కు ఏమవుతుందోనన్న జంకే దీనికి ఒక పెద్ద కారణం.

రిపోర్టులో అంకె ఎవరి తప్పు?

మందును నిందించే ముందు లివర్ పరీక్ష కాగితాన్ని, అంటే ఎల్‌ఎఫ్‌టీని, సరిగా చదవాలి. రోజూ తాగే మనిషి రిపోర్టుకు ఒక ముద్ర ఉంటుంది. లివర్ ఎంజైములైన ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ రెండూ పెరుగుతాయి గానీ మొదటిది రెండోదానికి రెట్టింపు దాకా ఉంటుంది. మద్యం ఒక్కటే కారణమైతే ఎస్‌జీఓటీ 300, 400 దాటడం అరుదు. జీజీటీ అనే మరో ఎంజైము బాగా ఎక్కువగా ఉంటుంది. తాగడం ఆపితే ఈ అంకెలు వారాల్లోనే దిగడం మొదలవుతుంది. జీజీటీ సగానికి రావడానికి సుమారు రెండు మూడు వారాలు పడుతుంది.

ఉదాహరణకు చికిత్స మొదలుపెట్టిన రోజున ఒకరికి ఎస్‌జీఓటీ 180, ఎస్‌జీపీటీ 80 ఉన్నాయనుకుందాం. నెల తర్వాత అవి 70, 50కి వస్తే మందు పనిచేసినట్టు, లివర్ కోలుకుంటున్నట్టు. మళ్లీ 200, 90కి ఎగబాకితే మందును అనుమానించే ముందు మనిషిని మెల్లగా అడగాలి, బహుశా మళ్లీ మొదలెట్టి ఉంటాడు. అలా కాకుండా ఎస్‌జీపీటీ ఏ 700కో ఎగిరి, ఎస్‌జీఓటీని మించిపోయి, బిలిరుబిన్ కూడా పెరుగుతుంటే అది తాగుడు ముద్ర కాదు. మందో, హెపటైటిస్ వైరసో, ఇంట్లో ఎవరో ఇచ్చిన పసరో వెతకాలి.

బిలిరుబిన్‌కు ఇక్కడ ప్రత్యేకమైన బరువుంది. మందుల వల్ల లివర్‌కు కలిగే హానిని జీవితమంతా అధ్యయనం చేసిన అమెరికన్ వైద్యుడు హైమన్ జిమర్‌మన్ గమనించిన సూత్రమొకటి నేటికీ ప్రమాణంగా ఉంది. మందు వల్ల ఎస్‌జీపీటీ మామూలు పరిమితికి మూడు రెట్లు మించి, దానితో పాటు బిలిరుబిన్ రెండు రెట్లు దాటితే, అలాంటి పదిమందిలో ఒకరి దాకా ప్రాణాపాయంలో పడతారు. ఎంజైములు కాస్త పెరగడం వేరు, కామెర్లతో కలిసి పెరగడం వేరు. మొదటిది చాలాసార్లు దానంతటదే సర్దుకుంటుంది, రెండోది కనిపిస్తే ఆ రోజే మందు ఆపాలి.

డైసల్ఫిరామ్: భయపడాల్సిన మందు ఇదే

రబ్బరు పరిశ్రమ నుంచి వచ్చిన మందు ఇది. ఈ జాతి రసాయనాల మధ్య పనిచేసే కార్మికులు మద్యం ముట్టలేకపోతున్నారని 1937లోనే ఒక అమెరికన్ ఫ్యాక్టరీ వైద్యుడు రాశాడు. పదేళ్ల తర్వాత కోపెన్‌హాగెన్‌లో యెన్స్ హాల్డ్, ఎరిక్ యాకబ్‌సెన్ అనే పరిశోధకులు దీన్ని కడుపులోని పురుగుల మందుగా పరీక్షిస్తూ తామూ మింగారు, ఆ తర్వాత మద్యం తాగి అవస్థ పడ్డారు. 1948లో వారి ఫలితాలు వెలువడ్డాయి. 1951లో అమెరికాలో అనుమతి వచ్చింది.

మద్యం లివర్‌లో మొదట అసిటాల్డిహైడ్ అనే విషంగా మారుతుంది, మరో ఎంజైము దాన్ని విరిచేస్తుంది. డైసల్ఫిరామ్ ఆ రెండో ఎంజైమును కట్టేస్తుంది. మాత్ర వేసుకున్న మనిషి మద్యం ముడితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులు పట్టుకుని, బీపీ పడిపోతుంది. ఆ భయమే ఇక్కడ చికిత్స.

లివర్ విషయంలో దీని చరిత్ర శుభ్రంగా లేదు. ఎవరికి వస్తుందో ముందు చెప్పలేని తీవ్ర హెపటైటిస్ దీనివల్ల వస్తుంది. పదివేల నుంచి ముప్పైవేల మంది ఏడాది పాటు వాడితే ఒకరికి రావచ్చని అంచనా. సాధారణంగా మొదలుపెట్టిన రెండు వారాల నుంచి మూడు నెలల లోపే వస్తుంది. మొదట నీరసం, ఆకలి చచ్చిపోవడం, ఒక్కోసారి జ్వరం, దద్దుర్లు, ఆ తర్వాత పచ్చటి మూత్రం, కళ్లు పసుపెక్కడం. గుర్తించి ఆపితే చాలామంది కోలుకుంటారు. కామెర్లు వచ్చాక కూడా మాత్ర కొనసాగిస్తే లివర్ పూర్తిగా చేతులెత్తేసే ప్రమాదం ఉంది. ఒకసారి ఇలా వచ్చినవారికి మళ్లీ జన్మలో ఈ మాత్ర ఇవ్వకూడదు, రెండోసారి ఇంకా త్వరగా, ఇంకా తీవ్రంగా వస్తుంది.

ఇది తాగుడు చేసిన నష్టమే, మాత్రది కాదని వాదించే వీలు కూడా లేదు. నికెల్ లోహం పడక చర్మం పాడైనవారికి డెన్మార్క్‌లో ఇదే మందు ఇచ్చి చూశారు. తాగుబోతులు కాని వారిలోనూ హెపటైటిస్ కనిపించింది.

ఇంత తెలిసీ మన దేశంలో దీన్నెందుకు వదలరు? చవక, పైగా ఇంట్లో మనిషి దగ్గరుండి మింగిస్తే బాగా పనిచేస్తుంది. ముంబైలో 100 మంది మగవారి మీద చేసి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, కుటుంబ పర్యవేక్షణలో ఏడాది తర్వాత డైసల్ఫిరామ్ వాడినవారిలో 86 శాతం మంది మద్యానికి దూరంగా ఉన్నారు. నాల్ట్రెక్సోన్ వాడినవారిలో ఆ సంఖ్య 44 శాతం. రోజూ పొద్దున్నే మాత్ర చేతిలో పెట్టి నీళ్లిచ్చే భార్యో తల్లో ఉన్న ఇళ్లలో ఈ మాత్ర బలం అదే.

కాబట్టి దీన్ని నిషేధించనక్కర్లేదు, హద్దు గీస్తే చాలు. లివర్ బాగున్నవారికి, పరీక్షలకు తిరిగి రాగలవారికి మాత్రమే ఇవ్వాలి. మొదలుపెట్టే ముందు ఒకసారి, రెండు వారాలకు మళ్లీ, ఆ పైన మొదటి కొన్ని నెలలు నెలనెలా ఎల్‌ఎఫ్‌టీ చూడాలి. సిర్రోసిస్ ఉన్నవారికి ఇవ్వకూడదు. హెపటైటిస్ ప్రమాదం ఒక ఎత్తయితే, మాత్ర మీద మద్యం తాగినప్పుడు పడిపోయే బీపీని వాళ్ల శరీరం తట్టుకోలేకపోవడం ఇంకో ఎత్తు. టీబీ మందు ఐసోనియాజిడ్‌తోనూ, విరేచనాలకు విరివిగా రాసే మెట్రోనిడజోల్‌తోనూ కలిస్తే మతి చలించే ప్రమాదం ఉందని కూడా గుర్తుంచుకోవాలి.

నాల్ట్రెక్సోన్: పెట్టె మీది హెచ్చరిక ఎలా వచ్చింది, ఎలా పోయింది

నాల్ట్రెక్సోన్ పని వేరు. మద్యం తాగినప్పుడు మెదడులో కలిగే హాయి ఓపియాయిడ్ గ్రాహకాల ద్వారా అందుతుంది. ఇది వాటిని మూసేస్తుంది. తాగినా మునుపటి మజా రాదు, రెండో పెగ్గు కోసం లాగే లాగుడు తగ్గుతుంది. 1984లో ఓపియాయిడ్ వ్యసనానికి, 1994లో మద్య వ్యసనానికి అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించింది. మామూలు మోతాదు రోజుకు 50 మిల్లీగ్రాములు. నెలకోసారి తీసుకునే 380 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ 2006లో వచ్చింది.

దీని మీద పడిన లివర్ మచ్చ కథ తెలుసుకోదగ్గది. మద్యంతో సంబంధం లేకుండా, స్థూలకాయం తగ్గుతుందేమోనని రోజుకు 300 మిల్లీగ్రాములు, అంటే ఆరు రెట్ల మోతాదు ఇచ్చి చూశారు. 26 మందిలో ఐదుగురికి మూడు నుంచి ఎనిమిది వారాల్లో ఎస్‌జీపీటీ 3 నుంచి 19 రెట్లు పెరిగింది. మందు ఆపాక తగ్గింది. ఎవరికీ కామెర్లు రాలేదు, కానీ దాన్నిబట్టి మందు పెట్టె మీద నల్లగీతల హెచ్చరిక అచ్చయింది. ఆ హెచ్చరికే ప్రపంచవ్యాప్తంగా డాక్టర్ల చేయి ఆపింది. 50 మిల్లీగ్రాముల మోతాదులో ఏళ్ల తరబడి వాడకంలో అలాంటి తీవ్ర హాని కనిపించకపోవడంతో 2013లో ఎఫ్‌డీఏ ఆ హెచ్చరికను తీసేసింది. పెట్టె మీద పోయింది గానీ, డాక్టర్ల మనసుల్లోంచి ఇంకా పోలేదు.

1,383 మందిని చేర్చుకుని 2006లో ప్రచురించిన అమెరికా కంబైన్ అధ్యయనంలో నాల్ట్రెక్సోన్ వాడిన కొద్దిమందికి ఎంజైములు బాగా పెరిగినా, ఆపాక దిగాయి. 2022లో వచ్చిన మరో పరిశీలన నేరుగా మన ప్రశ్ననే అడిగింది. నాల్ట్రెక్సోన్ రాసిన 160 మంది రికార్డులు చూస్తే వారిలో 100 మందికి అప్పటికే లివర్ జబ్బు ఉంది, 47 మందికి సిర్రోసిస్. మందు మొదలుపెట్టాక లివర్ ఎంజైములు పెరగడం అటుంచి, తగ్గాయి. మద్యం తగ్గిన ఫలితమది.

అలాగని ఎలాంటి లివర్‌కైనా ఇవ్వొచ్చని కాదు. ఈ మందు లివర్‌లోనే అరుగుతుంది. సిర్రోసిస్ నిలకడగా ఉన్నవారిలో రక్తంలో దీని మొత్తం సుమారు ఐదు రెట్లు, పొట్టలో నీరు చేరే దశకు వచ్చినవారిలో పది రెట్లు పెరుగుతుందని మందుతో వచ్చే సమాచార పత్రమే చెబుతుంది. అందుకే తీవ్రమైన హెపటైటిస్ నడుస్తున్నప్పుడు, లివర్ చేతులెత్తేసినప్పుడు దీన్ని మొదలుపెట్టరు. ఎస్‌జీపీటీ మూడు నుంచి ఐదు రెట్లు మించి ఉంటే చాలామంది కాస్త ఆగుతారు. ఇంకొక జాగ్రత్త మన ఓపీల్లో తరచూ మరిచిపోయేది: ఒళ్లు నొప్పులకని ట్రమడాల్ అనే ఓపియాయిడ్ మాత్ర వాడుతున్న మనిషికి నాల్ట్రెక్సోన్ ఇస్తే ఒక్కసారిగా విత్‌డ్రాయల్ పట్టుకుంటుంది. అలాంటి మాత్రలు ఆపి వారం, పది రోజులు గడిచాకే ఇవ్వాలి.

అకాంప్రొసేట్: లివర్‌ను ముట్టని మందు

తాగుడు మానాక నెలల తరబడి వెంటాడే చిరాకు, నిద్రపట్టకపోవడం, లోపల ఏదో వెలితి. వీటిని సర్దడానికి అకాంప్రొసేట్. 1989లో ఫ్రాన్స్‌లో, 2004లో అమెరికాలో అనుమతి పొందింది. లివర్ దీన్ని ముట్టదు, ఉన్నది ఉన్నట్టే మూత్రంలో పోతుంది. అందువల్ల తొలి, మధ్య దశల లివర్ జబ్బులో మోతాదు తగ్గించనక్కర్లేదు.

అయితే ఇది భారమంతా కిడ్నీ మీద వేస్తుంది. కిడ్నీ పనితీరును చూపే క్రియాటినిన్ క్లియరెన్స్ 30 నుంచి 50 మధ్య ఉంటే సగం మోతాదు, 30 కంటే తగ్గితే అసలు వద్దు. సిర్రోసిస్ రోగుల్లో ఇక్కడో మోసం ఉంది. కండ కరిగిపోయిన ఒంట్లో క్రియాటినిన్ తక్కువే తయారవుతుంది. రిపోర్టులో 0.9 అని చూసి కిడ్నీ బాగుందనుకుంటాం, నిజానికి అది అప్పటికే అలసిపోయి ఉండొచ్చు.

రెండో ఇబ్బంది మాత్రల లెక్క. 333 మిల్లీగ్రాముల మాత్రలు పూటకు రెండు, మూడు పూటలూ, అంటే రోజుకు ఆరు. విరేచనాలు పట్టుకుంటే మనిషి ఇంకా విసుగెత్తుతాడు. అయినా ఫలితం బాగానే ఉంది. 118 అధ్యయనాలను కలిపి 2023లో జామా పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం, 11 మందికి అకాంప్రొసేట్ ఇస్తే ఒకరు మళ్లీ తాగుడు మొదలెట్టకుండా ఆగుతారు. 50 మిల్లీగ్రాముల నాల్ట్రెక్సోన్‌కు ఆ లెక్క 18. విపరీతంగా తాగడానికి తిరిగి పోకుండా ఆపడంలో మాత్రం నాల్ట్రెక్సోన్‌కూ 11 మందికి ఒకరు. ఈ అంకెలు చిన్నవిగా కనిపించినా, బీపీ, కొలెస్టరాల్ కోసం జీవితాంతం మింగే మాత్రల్లో చాలావాటికి ఇంత లాభం కూడా ఉండదు.

బాక్లోఫెన్: సిర్రోసిస్ రోగుల్లో పరీక్షించి చూసింది

మిగతా మందుల పరీక్షల్లో లివర్ బాగా చెడినవారిని మొదటే తీసి పక్కన పెట్టారు. కండరాల బిగుతుకు వాడే బాక్లోఫెన్‌ను మాత్రం ఇటలీలో జొవానీ అడొలొరాటో బృందం సిర్రోసిస్ ఉన్నవారికే ఇచ్చి చూసింది. 2007లో లాన్సెట్‌లో వచ్చిన ఆ అధ్యయనంలో 84 మంది. సగం మందికి 10 మిల్లీగ్రాముల బాక్లోఫెన్ రోజుకు మూడుసార్లు, సగం మందికి ఉత్తుత్తి మాత్ర, 12 వారాలు. బాక్లోఫెన్ వాడిన 42 మందిలో 30 మంది మద్యం ముట్టలేదు. రెండో గుంపులో అలా ఆగినవారు 12 మందే. లివర్‌కు హాని కనిపించలేదు.

తర్వాతి కథ అంత సాఫీగా సాగలేదు. హెపటైటిస్-సి ఉన్న 180 మంది అమెరికన్ మాజీ సైనికుల్లో అదే మోతాదు ఏ లాభమూ చూపలేదని 2017లో తేలింది. 2018లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనంలో 104 మందిలో మళ్లీ పనిచేసింది. ఫ్రాన్స్‌లో ఒలివియే అమేజెన్ అనే గుండె డాక్టరు తన తాగుడును తానే పెద్ద మోతాదు బాక్లోఫెన్‌తో మానుకుని 2008లో పుస్తకం రాయడంతో వేలమంది ఎగబడ్డారు. పెద్ద మోతాదుల్లో ఆసుపత్రి పాలవడం, మరణాలు పెరుగుతున్నాయని ఆ దేశ ఆరోగ్య బీమా రికార్డుల్లో బయటపడ్డాక, 2018లో రోజుకు 80 మిల్లీగ్రాముల గరిష్ఠ పరిమితితో అక్కడ అనుమతి ఇచ్చారు.

బాక్లోఫెన్‌లో ఎక్కువ భాగం కిడ్నీ గుండానే పోతుంది, లివర్‌లో అరిగేది కొంతే. అసలు చిక్కు మత్తు. సిర్రోసిస్ ముదిరినవారికి అమోనియా పెరిగి మతి మందగించే స్థితి ఉంటుంది: పగలు నిద్ర, రాత్రి మెలకువ, చేతులు రెక్కల్లా ఆడటం, మాట తడబడటం. ఈ స్థితిలో బాక్లోఫెన్ ఇస్తే ఏది జబ్బో ఏది మందో తేలదు, మనిషి కోమా దాకా పోవచ్చు. కిడ్నీ చెడితే ఇదే ప్రమాదం రెట్టింపు. హఠాత్తుగా ఆపినా ఫిట్స్, భ్రమలు వస్తాయి. కాబట్టి 5 మిల్లీగ్రాములతో మొదలెట్టి మెల్లగా పెంచాలి, ఆపేటప్పుడూ మెల్లగానే ఆపాలి. ఇన్ని షరతులున్నా, సిర్రోసిస్ రోగులకు అమెరికన్ గ్యాస్ట్రోఎంటరాలజీ కాలేజీ 2024 మార్గదర్శకాలు సూచించింది దీన్నే.

మిగతావి

గాబాపెంటిన్ లివర్‌లో అరగదు, కిడ్నీ గుండా పోతుంది. నిద్ర, ఆందోళన ఎక్కువగా ఉన్నవారికి పనికొస్తుంది, కానీ మత్తు కోసం దుర్వినియోగం చేసేవారున్నారు. టోపిరమేట్ ఎక్కువగా కిడ్నీదే, అయితే వాల్‌ప్రోయేట్‌తో కలిస్తే అమోనియా పెంచుతుంది, సిర్రోసిస్‌లో అది కోరి తెచ్చుకునే తంటా. ఐరోపాలో 2013 నుంచి వాడుకలో ఉన్న నాల్మెఫీన్ లివర్ మీద ఆధారపడుతుంది, తీవ్రమైన లివర్ జబ్బులో వద్దంటారు. షుగరు, బరువు తగ్గించే మందుగా పేరున్న సెమాగ్లుటైడ్ మద్యం మీద కోరికనూ తగ్గిస్తోందని 48 మందితో జరిగి 2025లో ప్రచురితమైన చిన్న అధ్యయనం చూపింది. ఆశ కలిగించే ఫలితమే, కానీ చీటీ మీద రాసేంత ఆధారం ఇంకా రాలేదు.

మానిన మొదటి వారం

లివర్ ప్రమాదం అనగానే అందరూ నెలల తరబడి వాడే మాత్రల గురించే అడుగుతారు. నిజానికి లివర్ చెడినవారికి ఎక్కువ తప్పులు జరిగేది మానిన మొదటి వారంలో. చేతుల వణుకు, చెమటలు, ఫిట్స్, భ్రమలు రాకుండా క్లోర్‌డయజెపాక్సైడ్, డయజెపామ్ ఇస్తారు. ఆరోగ్యమైన లివర్‌లో ఇవి మంచి మందులు. సిర్రోసిస్‌లో మాత్రం వీటిని విరిచే దారి మూసుకుపోయి, ఒక రోజు మోతాదు మీద మరో రోజు మోతాదు పేరుకుపోతుంది. మూడో రోజుకు మనిషి లేవడు. లోరాజెపామ్ వేరే దారిన విరుగుతుంది, ఆ దారి చెడిన లివర్‌లోనూ చాలాకాలం తెరిచే ఉంటుంది. అందుకే లివర్ అనుమానం ఉన్నచోట లోరాజెపామ్‌నే, అదీ అవసరాన్నిబట్టి కొద్దికొద్దిగా వాడాలి. థయమిన్ (విటమిన్ బీ1) ఇంజెక్షన్ సంగతి ఎలాగూ మరవకూడదు.

ఇక్కడ తెలంగాణకు ప్రత్యేకమైన చిక్కొకటి ఉంది. చాలాచోట్ల అమ్మే కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డయజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. అది తాగి మానిన మనిషికి పట్టేది మద్యం విత్‌డ్రాయల్ ఒక్కటే కాదు, మత్తుమందుల విత్‌డ్రాయల్ కూడా. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి దుకాణాలు మూసినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటి కేసులు వరుసకట్టాయి. లివర్ చూసి మందు తగ్గిస్తే ఫిట్స్, ఫిట్స్ చూసి మందు పెంచితే స్పృహ పోవడం. డాక్టరు దగ్గర సారా, విస్కీ చెప్పి కల్లు చెప్పకపోతే ఈ లెక్క తప్పుతుంది. "కల్లేగా, ఆరోగ్యానికి మంచిదేగా" అని దాచేవారు చాలామంది.

ఏ లివర్‌కు ఏ మందు

లివర్ ఎంత చెడిందో చెప్పడానికి డాక్టర్లు చైల్డ్-ప్యూ కొలత వాడతారు. బిలిరుబిన్, ఆల్బుమిన్, రక్తం గడ్డకట్టే తీరు, పొట్టలో నీరు, మతి మందగింపు, ఈ ఐదింటికీ మార్కులు వేసి ఏ, బీ, సీ అని మూడు తరగతులు చేస్తారు.

ఎంజైములు కాస్త పెరిగి, ఫ్యాటీ లివర్ మాత్రమే ఉన్నవారికి దాదాపు అన్ని దారులూ తెరిచే ఉన్నాయి. నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ ముందు వరస, ఇంట్లో చూసుకునేవారుండి పరీక్షలకు వస్తామంటే డైసల్ఫిరామ్. చైల్డ్-ప్యూ ఏలో డైసల్ఫిరామ్ పక్కకు పోతుంది. అకాంప్రొసేట్, బాక్లోఫెన్, గాబాపెంటిన్ ఉంటాయి, పరీక్షలు చూసుకుంటూ నాల్ట్రెక్సోన్ కూడా ఇవ్వొచ్చు. బీలో కిడ్నీ చూసి అకాంప్రొసేట్, మతి స్థిరంగా ఉందో లేదో చూసి తక్కువ మోతాదులో బాక్లోఫెన్. సీలో ఏ మందుకూ గట్టి ఆధారం లేదు. అక్కడ కౌన్సెలింగ్, కుటుంబం, లివర్ డాక్టరు, సైకియాట్రిస్టు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒక్కో రోగికి ఒక్కోలా నిర్ణయించాలి.

ఇంత లెక్కా వేశాక తూకం ఎటు మొగ్గుతుంది? బోస్టన్ ప్రాంత ఆసుపత్రుల్లో మద్య వ్యసనం ఉన్న 9,635 మంది రికార్డులను చూసి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, వ్యసనానికి మందులు వాడినవారిలో మద్యం వల్ల వచ్చే లివర్ జబ్బు అవకాశం 63 శాతం తక్కువ. అప్పటికే సిర్రోసిస్ ఉన్నవారిలో కూడా మందు వాడితే పొట్టలో నీరు, రక్తపు వాంతుల దశకు దిగజారడం తగ్గింది. ఇది రికార్డులు చూసి చేసిన లెక్క, లాటరీ వేసి చేసిన పరీక్ష కాదు. మానాలన్న పట్టుదల ఉన్నవారే మందు అడిగి ఉండొచ్చు. అయినా మందులు లివర్‌ను ముంచేస్తాయన్న భయం నిజమైతే అంకెలు ఇలా ఉండవు.

మన ఇళ్లలో అసలు ప్రమాదం

లివర్‌కు భయపడి డాక్టరు రాసిన మాత్ర ఆపేసే ఇళ్లలోనే, పేరు లేని పొడులు ధైర్యంగా వాడతారు. "మనిషికి తెలియకుండా కూరలో కలిపితే వారంలో మానేస్తాడు" అని బస్టాండు గోడల మీద, ఫోన్లలో వచ్చే ప్రకటనల వెనక ఉన్నవాటిలో ఏముందో ఎవరూ చెప్పరు. మెడికల్ షాపులో దొరికే డైసల్ఫిరామ్‌నే గుట్టుగా సాంబారులో కలిపేవారూ ఉన్నారు. ఆ మనిషి ఏమీ తెలియక సాయంత్రం ఒక క్వార్టర్ తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆసుపత్రిలో ఏం జరిగిందో కూడా చెప్పలేడు. లివర్ పరీక్షల మాటే ఉండదు. అడిగి, ఒప్పించి, చెప్పి ఇవ్వడం తప్ప ఈ మందుకు వేరే దారి లేదు.

కామెర్లు రాగానే పసరు పోయించే అలవాటు ఇంకొకటి. మందు వల్ల వచ్చిన కామెర్లకు పసరు పోసి పదిరోజులు ఎదురుచూస్తే, ఆపాల్సిన మాత్ర ఆ పదిరోజులూ నడుస్తూనే ఉంటుంది. చెట్టు మందు గనుక హాని లేదనుకోవడానికీ వీల్లేదు. కోవిడ్ కాలంలో రోగనిరోధక శక్తి కోసమని తిప్పతీగ వాడి లివర్ దెబ్బతిన్న ఆరుగురి కేసులను ముంబై వైద్యులు 2021లో ప్రచురించారు. ఇక లివర్ టానిక్ తాగుతూ మద్యం కొనసాగించేవారికి ఆ సీసా ఇచ్చేది ధైర్యమే, రక్షణ కాదు. తలనొప్పికి వేసుకునే పారాసిటమాల్ మీద కూడా కన్నుండాలి. రోజూ తాగేవారు, సిర్రోసిస్ ఉన్నవారు రోజుకు రెండు గ్రాములు దాటకూడదు.

ఈ మందులు వాడే ఇల్లు అడగాల్సినవి మూడే. ఈ మాత్ర లివర్‌లో అరుగుతుందా, కిడ్నీలోనా? మళ్లీ రక్తపరీక్ష ఎప్పుడు? ఏ లక్షణం కనిపిస్తే ఫోను చేయకుండానే మాత్ర ఆపెయ్యాలి? మూడో ప్రశ్నకు జవాబు డైసల్ఫిరామ్ విషయంలోనైతే స్పష్టం: పచ్చటి మూత్రం, పసుపు కళ్లు, ఆకలి చచ్చిన నీరసం. ఎక్కడ చూపించాలో తెలియనివారికి కేంద్రం నడిపే 14446 డి-అడిక్షన్ హెల్ప్‌లైన్, టెలి-మానస్ 14416 నంబర్లున్నాయి.

ఇక డాక్టర్ల పని ఇంతకంటే పెద్దది. సైకియాట్రీ, గ్యాస్ట్రో విభాగాలు ఒకే ఆసుపత్రిలో రెండు అంతస్తుల్లో ఉంటూ, రోగిని ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి చీటీతో పంపడం ఆగాలి. లివర్ క్లినిక్‌లోనే వారానికో రోజు సైకియాట్రిస్టు కూర్చుంటే కొత్త భవనమూ అక్కర్లేదు, కొత్త పథకమూ అక్కర్లేదు. సిర్రోసిస్ ఉన్న మనిషికి అకాంప్రొసేట్ రాయడానికి వెనకాడే డాక్టరు, మద్యం అతని లివర్‌ను రోజూ ఎంత తింటుందో కూడా అదే చీటీ మీద లెక్క వేసుకోవాలి. మందు రాయకపోవడం కూడా ఒక నిర్ణయమే, దాని దుష్ప్రభావమూ ఎల్‌ఎఫ్‌టీలోనే కనిపిస్తుంది.